‘పాడుతా తీయగా’ పాత భాగాలను కవి మాట కోసం మళ్లీ చూడటం ఎలా

1996లో ఈటీవీలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం (బాలు) సారథ్యంలో మొదలైన పాటల పోటీ కార్యక్రమం ‘పాడుతా తీయగా’ను ఇప్పుడు మళ్లీ చూసే అభిమానుల్లో చాలామంది పాట వరకు విని, తరువాతి సంభాషణను దాటవేసి, మరో పాట దగ్గరికి వెళ్లిపోతున్నారు. కానీ ఆ పాటల అసలు రికార్డింగులు ఎక్కడైనా దొరుకుతాయి. వేటూరి, సిరివెన్నెల వంటి కవులు అతిథులుగా కూర్చుని తమ పాట గురించి చెప్పిన మాటలు మాత్రం ఆ భాగాన్ని పూర్తిగా చూసినవారికే దక్కుతాయి. వేటూరి 2010లో, బాలు 2020లో, సిరివెన్నెల 2021లో మనకు దూరమయ్యారు కనుక ఇక అడిగి తెలుసుకునే అవకాశం కూడా లేదు. అందుచేత ఈ కార్యక్రమాన్ని మళ్లీ చూడాలనుకునేవారు పాటల మధ్య జరిగిన సంభాషణనే ప్రధానంగా పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా భాగాలను గాయకుల పేర్లతో కాక అతిథి పేరుతో వెతకండి. ఈటీవీ స్వయంగా యూట్యూబ్‌లోనూ, ఈటీవీ విన్ యాప్‌లోనూ పెట్టినవాటికే ప్రాధాన్యం ఇవ్వండి. ఇతరులు పాట ముక్కను మాత్రమే కత్తిరించి పెట్టే వీడియోల్లో మనకు కావలసిన మాటలే ఎగిరిపోతాయి. మొదటిసారి ఎక్కడా ఆపకుండా, ఏమీ రాసుకోకుండా చూడండి. రెండోసారి కాగితం, కలం దగ్గర పెట్టుకుని, ఒక్కో పాటకు ఎత్తుగడ (పాట మొదలయ్యే మాటలు), సినిమా పేరు, విడుదలైన సంవత్సరం, రచయిత, స్వరకర్త, మొదట పాడినవారు, అతిథి చెప్పిన విశేషం, అది వీడియోలో ఎన్నో నిమిషం దగ్గర వస్తుందో రాసుకోండి. చాలామంది వదిలేసేది ఈ చివరి వివరమే. ఏడాది తరువాత అదే మాట కోసం వెతికేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

రచయిత పేరు రాసుకునే చోట తొందరపడకూడదు. ఒక సినిమాకు ప్రధానంగా ఒకరే రాశారన్న కారణంతో అందులోని పాటలన్నీ ఆయన ఖాతాలో వేయడం మన అభిమానుల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ దీనికి చక్కని ఉదాహరణ. అందులో వేటూరి పాటల పక్కనే భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యుల రచనలూ ఉన్నాయి. పైగా ‘దొరకునా ఇటువంటి సేవ’ అనే మాటలతోనే బిలహరి రాగంలో ఒక త్యాగరాజ కీర్తన మొదలవుతుంది, వేటూరి అదే ఎత్తుగడను తీసుకుని తన పాటను వేరే దారిలో నడిపారు. పోటీదారుడు ఈ సినిమా పాట పాడినప్పుడు అది ఎవరి రచనో వేదిక మీద ఏమన్నారో విని, దాన్ని సినిమా టైటిల్స్‌తోనూ, అప్పటి పాటల పుస్తకం దొరికితే దానితోనూ సరిచూసుకోవాలి.

ఆ తరువాత చేయవలసిన పని కాస్త ఓపిక కోరుతుంది గానీ, అసలు ఆనందం అందులోనే ఉంది. మన సినిమాల్లో ఎక్కువ పాటలకు బాణీ ముందు తయారవుతుంది, కవి ఆ కొలతకు తగిన మాటలు వెతుక్కుంటాడు. ఈ కష్టం ఎంతటిదో తెలియాలంటే ఒక చరణాన్ని రాసుకుని, రాగం లేకుండా మామూలు మాటల్లా పైకి చదవండి. ఎక్కడ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే అక్షరంతో మైత్రి) కుదిరిందో, ఎక్కడ అంత్యప్రాస కోసం మాట వచ్చి కూర్చుందో, ఎక్కడ ప్రాస ఉన్నట్టే తెలియకుండా అర్థం సాగిపోయిందో మీ నోటికే తెలుస్తుంది. అప్పుడు వీడియోను ఆ పాట దగ్గరికి వెనక్కి తిప్పి, కవి ముఖాన్ని చూస్తూ వినండి. పోటీదారుడు ఒక పదాన్ని అర్థం తెగిపోయే చోట విరిచి ఊపిరి తీసుకుంటే, ఆ కవి కళ్లలో ఏదో ఒక చిన్న మార్పు కనిపించవచ్చు.

బాలు చేసే దిద్దుబాట్లను ప్రత్యేకంగా ఒక పుటలో రాసుకోవడం మంచిది. శ, ష, స మధ్య తేడా, ణకారం నకారంగా మారిపోవడం, ళకారం లకారమైపోవడం, ఒత్తు పలకవలసిన భకార ధకారాలను తేల్చేయడం వంటివాటిని ఆయన పిల్లలని కూడా చూడకుండా, అయితే నొప్పించకుండా సరిదిద్దేవారు. ఇంట్లో సంగీతం నేర్చుకునే పిల్లలు ఉంటే, ముఖ్యంగా తెలుగు రాయడం రాని ప్రవాస కుటుంబాల పిల్లలైతే, ఈ పుట వారికి ఎంతో ఉపయోగపడుతుంది. వారికి ముందు సాహిత్యాన్ని చదివి, అర్థం చెప్పి, ఆ తరువాతే వీడియో చూపించండి.

అతిథులు చెప్పే ఉదంతాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇరవై ముప్పై ఏళ్ల తరువాత చెప్పేటప్పుడు సంవత్సరాలు, ఊళ్లు, సన్నివేశాలు కొంచెం అటూ ఇటూ కావడం సహజం. అందువల్ల వాటిని ‘ఫలానా భాగంలో ఫలానావారు ఇలా అన్నారు’ అని రాసుకోండి. అవార్డులు, విడుదల తేదీలు వంటి వివరాలను మాత్రం విడిగా చూసి నిర్ధారించుకోండి. వేటూరికి జాతీయ పురస్కారం తెచ్చినది 1993 నాటి ‘మాతృదేవోభవ’ పాట అన్నది అలా తేలికగా తేల్చుకోగలిగిన విషయమే.

ఇక మీ ఇంట్లో అప్పట్లో వీసీఆర్‌లో రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఉంటే ఆలస్యం చేయకండి. మన వాతావరణంలో తేమకు టేపు మీద బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అలాంటిదాన్ని వీసీఆర్‌లో పెడితే బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుని, తరువాత పెట్టే మంచి క్యాసెట్లు కూడా పాడవుతాయి కనుక దాన్ని ముందుగా శుభ్రం చేయించాలి. బాగున్న క్యాసెట్‌ను ఒకసారి చివరి వరకు తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి, అప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించండి. వీసీఆర్ నుంచి వీడియోను కంప్యూటర్‌లోకి తీసుకునే క్యాప్చర్ పరికరంలో పాల్ (మన దేశపు టీవీ పద్ధతి), సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకోవాలి. ప్రకటనలను కత్తిరించకండి, ఆ భాగం ప్రసారమైన కాలాన్ని గుర్తించడానికి అవే ఆధారం కావచ్చు. ప్రసార హక్కులు చానల్‌వి కనుక ఆ ఫైలును ఇంటి వాడకానికే ఉంచుకుని, దాని పేరులో అతిథి పేరు, తెలిసినంత మేరకు తేదీ చేర్చి, రెండు వేర్వేరు డిస్కుల్లో భద్రపరచండి.