జలుబు రొమ్ముకు దిగినప్పుడు: ఉబ్బసం ఉన్నవారికి కొన్ని జాగ్రత్తలు

పడిశం పది రోగాల పెట్టు అన్న సామెతలోని నిజం ఉబ్బసం ఉన్నవారికి ఏటా వానాకాలంలో తెలిసివస్తూనే ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఒకేసారి పట్టిన రొంప మిగతావారిని వారంలో వదిలిపోతే, ఉబ్బసం ఉన్న ఒక్కరికి మాత్రం మూడో రోజుకో నాలుగో రోజుకో రొమ్ముకు దిగి, పిల్లికూతలుగా మారి, ఆపైన నెల తిరిగినా తగ్గని దగ్గుగా మిగులుతుంది. దీన్ని అందరూ ఛాతీ ఇన్ఫెక్షన్ అంటారు. అయితే చాలాసార్లు జరిగేది వేరు. సాధారణ జలుబుకు కారణమయ్యే రైనోవైరస్ వంటివి అప్పటికే వాపుతో ఉన్న శ్వాసనాళాలను మరింత రెచ్చగొడతాయి. నాళాల గోడలు ఉబ్బి, వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని, లోపల కఫం చేరుతుంది. వైరస్ వెళ్లిపోయిన తరువాత కూడా ఆ వాపు వారాల తరబడి ఉండిపోతుంది.

యాంటీబయాటిక్ మాత్రలకు ఆ వాపును తగ్గించే గుణం లేదు. ఒక ఏడాది నేను రెండు నెలల్లో మూడు కోర్సులు మింగాను. ఎండాకాలంలో ఆయాసం లేదు కదా అని రోజువారీ ఇన్‌హేలర్ మానేసిన సంగతి ఏ డాక్టరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కఫం పచ్చగానో ఆకుపచ్చగానో వస్తే బాక్టీరియా చేరినట్టే అనుకోవడం కూడా పొరపాటే. ఉబ్బసంలో పోగయ్యే తెల్ల రక్తకణాల వల్లనే కఫానికి ఆ రంగు రావచ్చు. జ్వరం మూడు రోజులు దాటినా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒక పక్క పోటు వచ్చినా న్యుమోనియా కావచ్చునని అనుమానించాలి. అప్పుడు ఎక్స్‌రే తీసి డాక్టరు రాసే యాంటీబయాటిక్ అవసరమే.

కాబట్టి అసలు పని జలుబు రొమ్ముకు దిగక ముందే, ముక్కు కారడం మొదలైన రోజునే ఆరంభం కావాలి. ఆ రోజు తేదీని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. స్టెరాయిడ్ ఉన్న నివారణ ఇన్‌హేలర్‌ను ఒక్క పూట కూడా తప్పించకండి. మోతాదు పెంచాలా, ఎన్నాళ్లు పెంచాలి అన్నది జలుబు లేని రోజుల్లోనే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోవాలి, ఎందుకంటే రాత్రి రెండు గంటలకు ఆయాసంతో లేచి కూర్చున్న మనిషికి ఆలోచించే ఓపిక ఉండదు. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ వాడేవారికి డాక్టర్లు తరచుగా దాన్నే ఉపశమనానికి కూడా అదనంగా పీల్చమంటారు. ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించే సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావడం మంచిది కాదని ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడేవారు ఈ లెక్క చూడాలి. నాలుగు మిల్లీగ్రాముల సాల్బుటమాల్ మాత్ర ఒక్కదానిలో ఉండే మందు, వంద మైక్రోగ్రాముల చొప్పున నలభై పీల్పులకు సమానం. అంటే ఒక్కో పీల్పుతో ఒంట్లోకి చేరే మందు అంత తక్కువ.

మందు మంచిదైనా పీల్చే తీరు తప్పితే అది గొంతులోనే ఆగిపోతుంది. ఇన్‌హేలర్ డబ్బాను బాగా కుదిపి, మూత తీసి, మందును పట్టి ఉంచే గొట్టం వంటి స్పేసర్‌కు బిగించాలి. ఊపిరి పూర్తిగా వదిలి, స్పేసర్ మూతిని పెదవులతో గట్టిగా మూసిపట్టి, ఒక్కసారే నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో పీల్పుకు అర నిమిషం ఆగి మళ్లీ కుదపాలి. రెండు పీల్పులూ ఒకేసారి నొక్కేస్తే మందు వృథా. స్టెరాయిడ్ పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. స్పేసర్‌ను సబ్బు నీళ్లలో కడిగి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే లోపల స్థిరవిద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది. క్యాప్సూల్ వేసి పీల్చే పొడి ఇన్‌హేలర్‌కు గట్టిగా పీల్చే బలం కావాలి కనుక, ఆయాసం ముదిరిన వేళ దానికన్నా స్పేసర్ మేలు. ఆ క్యాప్సూల్‌ను మాత్ర అనుకుని మింగేసే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు; ఇంట్లో ఒకసారి కనుక్కోవడం మంచిది.

ఆయాసం పెరుగుతోందో తగ్గుతోందో తెలుసుకోవడానికి ఊపిరిని ఎంత వేగంగా ఊదగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఉపయోగపడుతుంది. నిలబడి మూడుసార్లు ఊది, అందులో ఎక్కువ వచ్చిన అంకెను రాసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీ అంకె 400 అనుకుంటే, 320 కన్నా తగ్గినప్పుడు రాయించుకున్న ప్రణాళికను అమలు చేయాలి. 240 కన్నా తగ్గితే ఆ రోజే డాక్టరును కలవాలి. ఆ స్థితిలో పెద్దలకు సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజులకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాస్తారు. పాత చీటీ చూపించి దాన్ని సొంతంగా కొనుక్కోవడం మాత్రం తగదు, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారికి.

ఇంటి వైద్యాల్లో అల్లం కషాయం, తేనె, గోరువెచ్చని నీళ్లు గొంతుకు హాయినిస్తాయి, అంతవరకే. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. ఆవిరి పడితే ముక్కు తెరుచుకుంటుందేమో గాని శ్వాసనాళాల వాపు తగ్గదు. పైగా మరిగే నీళ్ల గిన్నె ఒంటి మీద పడి కాలినవారు ఎందరో. ఘాటు బాముల వాసన, సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, ఎండుమిర్చి తాలింపు రొమ్ము పట్టిన రోజుల్లో దగ్గును ఎగదోస్తాయి. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో కొరమీను పిల్లతో మింగించే చేప మందు మీద నమ్మకం ఉన్నవారితో నాకు వాదన లేదు. దాని కోసం ఇన్‌హేలర్ ఆపవద్దని మాత్రమే నా మనవి. ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ కొందరిలో ఆయాసాన్ని తెచ్చిపెడతాయి.

ఇంట్లో ఆగకూడని స్థితిని ఇంటిల్లిపాదీ గుర్తుపట్టగలగాలి. ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోవడం, ఊపిరితో పాటు మెడ కింద, పక్కటెముకల మధ్య గుంటలు పడటం, పెదవులు నీలం తిరగడం, సాల్బుటమాల్ పీల్చిన నాలుగు గంటల లోపే మళ్లీ అవసరం కావడం, ఆక్సీమీటరులో ఆక్సిజన్ 92 శాతం లోపు రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మగతగా ఉంటే అది తగ్గిన గుర్తు కాదు, గాలి ఆడటం లేదన్నమాట. వాహనం వచ్చేలోగా రోగిని పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్‌తో సాల్బుటమాల్‌ను ఒక్కొక్క పీల్పుగా, నాలుగు నుంచి పది వరకు ఇవ్వాలి. తగ్గకపోతే ఇరవై నిమిషాలకు మళ్లీ ఇవ్వవచ్చు.

దగ్గు రెండు వారాలు దాటితే, ఉబ్బసం ఉందిలే అని ఊరుకోకుండా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేసే కఫ పరీక్షతో క్షయ లేదని తేల్చుకోవాలి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కఫంలో రక్తం ఉంటే ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు. ఏటా రెండు మూడుసార్లు ఇలాగే జరుగుతూ, గోధుమ రంగు గట్టి కఫపు ముద్దలు పడుతుంటే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు వల్ల వచ్చే అలర్జీ కావచ్చు. దానికి వేరే రక్తపరీక్షలు, వేరే చికిత్స ఉన్నాయి. ఊపిరితిత్తుల నిపుణుని దగ్గరకు వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలతో పాటు మీ ఇన్‌హేలర్, స్పేసర్ కూడా పట్టుకెళ్లి, ఆయన ఎదుటే ఒకసారి పీల్చి చూపించండి. ఏటా వేయించుకోవలసిన ఫ్లూ టీకాను, న్యుమోకోకల్ టీకాను గురించి కూడా అప్పుడే అడగండి.