ముడి తివాచీ - 5వ పాఠం: గుండ్రని పువ్వు కోడిగుడ్డు ఎందుకైంది?

పోయిన పాఠంలో అడ్డం పది గళ్లు, నిలువు పది గళ్లు ఉన్న గుండ్రని పువ్వు ఇచ్చి ముడులు వేయమన్నాను. మీరు పంపిన ఫొటోల్లో చాలావాటిలో ఆ పువ్వు కోడిగుడ్డులా నిలువుగా సాగింది. కొన్నింటిలో అణిగి అడ్డంగా పడుకుంది. ఇద్దరు ముగ్గురికైతే పువ్వు కింది సగం ఒక వెడల్పులో, పై సగం ఇంకో వెడల్పులో వచ్చింది. ఈసారి తీగలు మొదలుపెట్టాల్సింది. వాటిని ఆపి ముందు ఇది తేల్చుకుందాం.

ముడి దాదాపు అందరికీ వచ్చేసింది, దాని గురించి మళ్లీ చెప్పను. తేడా లెక్కలో ఉంది. మన ఫ్రేము మీద అంగుళానికి 10 పడుగు పోగులు, అంటే నిలువుగా బిగించిన దారాలు. రెండు పోగులకు ఒక ముడి కాబట్టి అడ్డంగా అంగుళానికి 5 ముడులు. మేకులు కొట్టిన రోజే అది ఖాయమైపోయింది. నిలువు లెక్క అలా కాదు. మీ ఉన్ని ఎంత లావు, ముడుల వరసల మధ్య అడ్డంగా వేసే దారాన్ని, అదే పేకను, మీ చెయ్యి ఎంత గట్టిగా దిగ్గొడుతుంది అన్నదాన్ని బట్టి అది మారుతుంది. అంగుళంలో 5 వరసలు పడితే గడి చదరంగా వస్తుంది. 4 వరసలే పడితే మన పువ్వు వెడల్పు 2 అంగుళాలు, ఎత్తు రెండున్నర. 6 కుక్కితే ఎత్తు 1.7 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది. గ్రాఫ్ కాగితానికి మీ చెయ్యి సంగతి తెలియదు. నేనసలు గ్రాఫ్ కాగితం కొనను. చిన్న నమూనా నేసి, వెనక్కి తిప్పి వరసలు లెక్కపెట్టి, ఆ కొలతకే తెల్లకాగితం మీద స్కేలుతో గళ్లు గీసుకుంటాను. ముందు వైపు కుచ్చు (ముడుల్లోంచి పైకి లేచిన ఉన్ని కొసలు) అడ్డొస్తుంది, అక్కడ లెక్క తప్పుతుంది.

అడ్డం 5, నిలువు 5, అంటే చదరపు అంగుళానికి 25 ముడులు. ఈ లెక్క ఊరికే ఎంచుకున్నది కాదు. 1878లో ఇంగ్లండ్ డిజైనర్ విలియం మోరిస్ లండన్‌లోని హామర్‌స్మిత్‌లో, తన ఇంటి పక్కనున్న గుర్రపుబండ్ల కొట్టంలో మగ్గాలు పెట్టించి ఆడవాళ్ల చేత తివాచీలు నేయించాడు. వాటిలో ఉన్నది దాదాపు ఈ 25 ముడులే. వాటి మీద గుర్తుగా ఒక సుత్తి, ఎం అక్షరం, థేమ్స్ నదికి అలలు వేసేవారు. 1881లో పని మెర్టన్ ఆబీకి మారింది. ఆయనకు పర్షియా తివాచీలంటే ప్రాణం. 1893లో పర్షియాలో నేసిన అర్దబీల్ తివాచీని లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం (ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్) 2000 పౌన్లకు కొన్నప్పుడు, దాన్ని పరిశీలించి కొనమని గట్టిగా చెప్పింది ఆయనే. అందులో చదరపు అంగుళానికి సుమారు 340 ముడులు. అంత సన్నని పని విలువ తెలిసిన మనిషి కూడా తన మగ్గం మీద దానికి నకలు తీయలేదు. 25 ముడుల్లో ఏది నిలుస్తుందో అదే గీశాడు: పెద్ద పువ్వు, వెడల్పాటి ఆకు, నీడలు లేని చదును రంగు.

కొందరు మోరిస్ కంపెనీ నేసిన బుల్లర్స్‌వుడ్ తివాచీ ఫొటోను 6 అంగుళాల నమూనాలోకి కుదించి పంపారు. 1889 నాటి ఆ తివాచీ పొడవు ఏడున్నర మీటర్ల పైమాటే, వెడల్పు దాదాపు 4 మీటర్లు. అందులో ఒక్క ఆకుకు పట్టిన ముడులు మీ నమూనా మొత్తంలో ఉండకపోవచ్చు. అందులోంచి ఒక పువ్వు తీసుకోండి, చాలు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. పేకను లాగకండి. ప్రతి వరస ముడుల తర్వాత రెండు పేకలు వేయమన్నాను, వేశారు. కానీ చివర పట్టుకుని బిర్రుగా లాగారు. పేక తిన్నగా పోయే దారం కాదు, ఒక పోగు కింద, ఒక పోగు మీద మలుపులు తిరుగుతూ పోతుంది. ఆ మలుపులకు అదనపు పొడవు కావాలి. మీరు ఇవ్వకపోతే అది పడుగు పోగుల్నే దగ్గరికి గుంజుకుంటుంది. 6 అంగుళాల అంచు ఐదుంపావుకు వస్తుంది. అప్పుడు అడ్డంగా అంగుళానికి 5 ముడులు కాదు, 5.7. కింద 2 అంగుళాలున్న పది ముడులు పైన 1.75 అంగుళాలే అవుతాయి. పువ్వు రెండు వెడల్పుల్లో వచ్చినవాళ్లకు కారణం ఇదే.

పేకను వంపుగా వేయండి. 6 అంగుళాల వెడల్పుకు వంపు ఎత్తు మధ్యలో ఒక అంగుళం ఉండాలి. ముందు మధ్యలో దిగ్గొట్టండి, తర్వాత అటూ ఇటూ. ఫోర్క్ సరిపోతుంది, దర్రీలు నేసేవాళ్ల ఇనుప పంజా దొరికితే ఇంకా మంచిది. అంగుళం నేసిన ప్రతిసారీ వెడల్పు కొలవండి. 2 మిల్లీమీటర్లు తగ్గితే తర్వాతి పేకలు వదులు చేయండి. అంతకు మించితే విప్పండి. అంచుల్ని దారంతో ఫ్రేముకు కట్టి లాగి పెట్టడం నేను ఒప్పుకోను. ఫ్రేములోంచి తీయగానే అది మళ్లీ ముడుచుకుంటుంది.

తీగ గురించి రెండు మాటలు. ఒక ముడి వెడల్పు ఇక్కడ 5 మిల్లీమీటర్లు, కాబట్టి ఏటవాలు గీత మెట్లుగానే వస్తుంది. మెట్లు 1, 1, 2, 2, 3 ముడులు ఇలా మెల్లగా పెరిగితే కంటికి వంపు కనిపిస్తుంది. 1, 3, 1, 2 వేస్తే విరిగినట్టు ఉంటుంది. తీగ మందం రెండు ముడులకు తగ్గకూడదు. ఆకు చుట్టూ లేతరంగు గీత ఒకటి వేస్తే నేల, అంటే పువ్వుల వెనక పరిచిన రంగు, దాని నీలంలోంచి ఆకు పైకి తేలుతుంది. నాకు నేల ఎప్పుడూ నీలిమందు నీలమే.

అభ్యాసం: 6 అంగుళాల వెడల్పు, 25 వరసలు, మొత్తం 750 ముడులు. కింద ఒక పది గళ్ల పువ్వు, పైన అలాంటిదే ఇంకొకటి, మధ్య 5 వరసల్లో వాటిని కలిపే తీగ. కుచ్చు కత్తిరించకుండా వెనకవైపు రెండు పువ్వుల వెడల్పూ కొలవండి. 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే పై పువ్వు మొత్తం విప్పి మళ్లీ వేయండి. విప్పిన ఉన్ని ముక్కలు పారేయకండి, కత్తిరించలేదు కాబట్టి అవే మళ్లీ పనికొస్తాయి.