తక్కువ ఖర్చులో ఊగని వడ్రంగి బల్ల

చిత్రిక పట్టేటప్పుడు బల్ల మీద పడే బలం కిందికంటే పక్కకే ఎక్కువ. బరువు మోయడానికి సన్నటి కాళ్ళు కూడా సరిపోతాయి. పక్కతోపుకి మాత్రం అవి తట్టుకోవు, వట్టి స్క్రూలతో బిగించిన మూలలు త్వరగా వదులైపోతాయి. అందుకే డబ్బు తక్కువున్నప్పుడు పైచెక్క అందం మీద కాదు, కాళ్ళూ పట్టెలూ కలిసే చోట ఖర్చు పెట్టాలి. ఇక్కడ చెప్పేది 120 సెం.మీ. పొడవు, 55 వెడల్పు, 85 ఎత్తు ఉండే బల్ల. ఉలితో తొలిచే పని లేదు. రంపం, డ్రిల్, మూలమట్టం, స్పానర్లు, నాలుగు క్లాంపులు ఉంటే చాలు.

ముందు ఎత్తు చూసుకోండి. నిటారుగా నిలబడి చెయ్యి వేలాడదీస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో బల్ల అంత ఎత్తుండాలి. 85కి తేడా ఉంటే కింద చెప్పిన కోతల్లో కాలి బయటిపొర, మధ్యముక్క పొడవుల్ని ఆ మేరకు సర్దండి.

కావలసినవి: 45 × 90 మి.మీ. పైన్ కర్ర 14 మీటర్లు. నికరంగా పట్టేది 12 మీటర్లే, మిగతాది పగిలిన కొసలకీ దిమ్మలకీ పోతుంది. 18 మి.మీ. ప్లైవుడ్ సగం షీటు, అంటే 1220 × 1220. 10 మి.మీ. లావు, 160 పొడవు బోల్టులు 16, ఒక్కోదానికి రెండు పెద్ద వాషర్లు. 75 మి.మీ. స్క్రూలు 40, 30 మి.మీ.వి 30, పైచెక్క బిగించడానికి 65 మి.మీ.వి కొన్ని. చెక్క జిగురు అర కిలో.

కర్ర కొనేటప్పుడు ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని అంచు వెంబడి చూడండి. విల్లులా వంగినదాన్ని ముక్కలుగా కోసి వాడుకోవచ్చు, మెలితిరిగినదాన్ని మాత్రం వదిలెయ్యండి. పట్టుకుంటే చల్లగా, సైజుకి మించిన బరువుగా ఉంటే పచ్చి ఆరలేదన్నమాట. పాత ప్యాలెట్ల (సరుకు పేర్చే చెక్క చట్రాల) చెక్క వాడితే దాని మీది ముద్ర చూడాలి. హెచ్.టి. అంటే వేడితో శుద్ధి చేసింది, ఫరవాలేదు. ఎం.బి. అంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించింది, దాని జోలికి పోవద్దు.

ఒక్కో కాలు రెండు పొరలు కలిపి అతికించేది. కోతలు మి.మీ.లో: కాలి బయటిపొర 814వి నాలుగు, లోపలిపొర అడుగుముక్క 150వి నాలుగు, మధ్యముక్క 484వి నాలుగు, అడ్డపట్టెలు 460వి నాలుగు, పై పొడవుపట్టెలు 1200వి రెండు, కింది పొడవుపట్టెలు 1000వి రెండు.

అసలు కిటుకు కాలిలో ఉంది. బయటిపొర నేల మీద పడుకోబెట్టి, అడుగుముక్కని కింది కొసకి సమంగా జిగురు పెట్టి బిగించండి. దాని పక్కన అడ్డపట్టెనే జిగురు లేకుండా ఆనించి, అవతల మధ్యముక్క అతికించండి. పైన మిగిలిన ఖాళీలో రెండో అడ్డపట్టె సరిగ్గా కూర్చోవాలి. ఖాళీని టేపుతో కొలిచి వదిలేస్తే పనికిరాదు. 90 అని అమ్మే కర్ర 88 ఉండొచ్చు, ఆ రెండు మి.మీ. సందే తర్వాత ఊపుగా మారుతుంది. మధ్యముక్కలో నేల నుంచి 240–330 మి.మీ. మధ్య స్క్రూ వెయ్యొద్దు, అక్కడ బోల్టులు దూరతాయి.

రెండు కాళ్ళు, రెండు అడ్డపట్టెలు కలిపితే ఒక పక్క చట్రం. ఒక్కో అతుకుకి జిగురు, రెండు 75 స్క్రూలు. పై అతుకులో ఆ రెండూ పట్టె ఎత్తుకి సరిగ్గా మధ్యన, పక్కపక్కన ఉండాలి. జిగురు ఆరకముందే మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. కొలతలు ఒకటి కాకపోతే పొడవొచ్చిన మూలని నెట్టి సరిచెయ్యండి.

పొడవుపట్టెలు కాళ్ళ ముందూ వెనకా బోల్టులతో బిగుస్తాయి, జిగురు వద్దు. కాళ్ళ బయటి ముఖాల మధ్య మీటరు దూరం ఉంచితే పై పట్టెలు రెండు పక్కలా 100 మి.మీ. బయటికి వస్తాయి. పై పట్టెకి రెండు బోల్టులూ కాలి బయటిపొరలోనే, పైనుంచి 22, 68 మి.మీ. దగ్గర. లోపలిపొరలో వేస్తే అడ్డపట్టె పొడవునా తొలుచుకుపోతుంది. కింది పట్టె అడుగు నేల నుంచి 240 మి.మీ.లో పెట్టి, బోల్టులు లోపలిపొరలో ఒకదాని మీద ఒకటి వెయ్యండి. బెజ్జం 11 మి.మీ., లోతు 135. మామూలు బిట్ అంత లోతుకి అందదు, పొడవాటిది తీసుకోండి. బిట్ బయటికొచ్చే వైపు పనికిరాని చెక్క ఒకటి క్లాంపు చేస్తే పెచ్చు లేవదు.

పైచెక్కకి ప్లైవుడ్‌ని 1200 × 550 రెండు ముక్కలు చేసి అతికించండి. ఏ నేల మీద పెట్టి అతికిస్తే ఆ వంపే దానికి శాశ్వతం, కాబట్టి చోటు చదునుగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. జిగురు అంచులదాకా పలచగా పులిమి, అడుగు నుంచి 15 సెం.మీ.కి ఒకటి చొప్పున 30 స్క్రూలు వేసి, మర్నాడు వాటిని తీసెయ్యండి. లేకపోతే తర్వాత తొలిచే బెజ్జానికి అవే అడ్డొస్తాయి. మిగిలిన కర్ర ముక్కల్ని పై పట్టెల లోపలివైపు దిమ్మలుగా బిగించి, వాటిలోంచి ప్లైవుడ్‌లోకి 65 మి.మీ. స్క్రూలు వెయ్యండి. ప్లైవుడ్ బదులు పలకలు వాడితే బెజ్జాలు అడ్డంగా సాగదీయాలి, వానాకాలంలో పలక ఉబ్బి పగలకుండా.

చెక్కని కదలకుండా బిగించే వైస్‌కి డబ్బు లేకపోతే తొందరేం లేదు. కుడిచేతివాటం వాళ్ళు ఎడమ కొసన 12 మి.మీ. మందం రీపు ఒకటి స్క్రూలతో వేసుకుంటే, చెక్క దానికి ఆని చిత్రికకి నిలుస్తుంది.

ఇదంతా కలిపినా బల్ల బరువు సుమారు 40 కిలోలే, తోపుకి జరుగుతుంది. కింది పట్టెల మీద పలకలు పరిచి ఇసుక బస్తా పెట్టండి. ఒక కాలు నేలకి ఆనకపోతే మిగతావి కొయ్యకండి, ఆ కాలి కింద పలచటి చీలిక అతికించండి. కర్ర ఆరేకొద్దీ సన్నబడి బోల్టులు వదులవుతాయి. నెలకోసారి స్పానర్ వేసి చూడండి. వాషర్ చెక్కలోకి దిగబడుతుంటే ఇంకా పెద్ద వాషర్ మార్చాలి.