ఇంట్లో లినక్స్ సర్వర్ – 5వ భాగం: పోర్ట్ ఫార్వర్డ్ చేశాం, అయినా లాగిన్ అవ్వట్లేదు

పోయినసారి, బయటి నుంచి కూడా ఇంటి సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి, రౌటర్‌లో పోర్ట్ 22ని (లాగిన్ పిలుపులు వచ్చే తలుపు నంబర్) సర్వర్‌కి మళ్లించమన్నాను, పోర్ట్ ఫార్వర్డ్ అంటే అదే, చాలామంది బండి అక్కడే ఆగిపోయింది. అందుకే ఈసారి చెప్తానన్న కీ లాగిన్ (పాస్‌వర్డ్ బదులు కీ ఫైల్‌తో లాగిన్) వాయిదా. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అవ్వనిచ్చే ప్రోగ్రామ్) నడుస్తోందా, ఇంట్లోని ఇంకో కంప్యూటర్ నుంచి 192.168తో మొదలయ్యే ఇంటి లోపలి అడ్రస్‌తో లాగిన్ అవుతోందా అన్నవి చూసుకునే ఉంటారు, వాటి జోలికి పోను.

"పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో మీ రౌటర్ అడ్రస్) కొడితే రావట్లేదు" అంటున్నారు సరే, ఎక్కడ కూర్చుని కొట్టారు? అదే ఇంటి వైఫై మీద! అది పరీక్షే కాదండీ. లోపల బయల్దేరిన ప్యాకెట్ (డేటా ముక్క) రౌటర్ పబ్లిక్ అడ్రస్ దాకా వెళ్లి మళ్లీ లోపలికే తిరగాలి, దాన్ని హెయిర్‌పిన్ న్యాట్ అంటారు (న్యాట్ అంటే రౌటర్ అడ్రస్‌లు మార్చి పంపడం), అది చేతకాని రౌటర్లు బోలెడు. మీ సెట్టింగ్ బంగారంలా ఉన్నా ఫెయిల్ అనే చూపిస్తుంది. ఇంకో తలనొప్పి, కొన్ని రౌటర్లు ఆ పిలుపు తమకే అనుకుని సొంత లాగిన్ అడుగుతాయి, మీరేమో సర్వర్ పాస్‌వర్డ్ మారిపోయిందని టెన్షన్ పడతారు. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద టెర్మక్స్ (ఆండ్రాయిడ్‌లో కమాండ్లు కొట్టే యాప్) నుంచి కొట్టండి. వైఫై ఆపి. రెండోసారి ఊరికే రాయలేదు.

అప్పుడు వచ్చిన మెసేజ్ చదవండి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే అవతల ఎవరో పలికి కుదరదన్నారు, అది రౌటరైనా కావచ్చు. "టైమ్డ్ అవుట్" అంటే ప్యాకెట్ దారిలో మాయమైంది. కరెంటు పోయి వచ్చాక సర్వర్ ఐపీ మారిందేమో, ఫార్వర్డ్ ఇంకా పాత అడ్రస్‌కే పోతోందేమో చూడండి; సర్వర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా రౌటర్‌లో రిజర్వ్ చేసేస్తే ఆ గొడవ ఉండదు. యూఎఫ్‌డబ్ల్యూలో (అక్కర్లేని పిలుపుల్ని ఆపే సర్వర్ ఫైర్‌వాల్) 192.168 వాళ్లకే 22 తెరిచినా ఇంట్లో పనిచేసి బయట ఇలాగే ఆగుతుంది.

రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఐఎస్‌పీ, అంటే మీ ఇంటర్నెట్ కంపెనీ, రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మాత్రం మీరు ఐఎస్‌పీ న్యాట్ వెనక ఉన్నట్టే (ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామందికి పంచుతారు), ఎంత ఫార్వర్డ్ చేసినా దండగ. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మీకే సొంతమైన, మారని పబ్లిక్ అడ్రస్) అడగండి. నేనైతే చవక వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దె సర్వర్) ఒకటి తీసుకుని, ఇంటి సర్వరే దానికి రివర్స్ టన్నెల్ (లోపలి నుంచే బయటికి తెరిచే దారి) వేసేలా పెట్టుకుంటాను, రౌటర్‌ని ముట్టుకోనక్కర్లేదు.

అభ్యాసం: సర్వర్‌కి కీబోర్డు, మానిటర్ తగిలించి, పోర్ట్ 22 మీద టీసీపీడంప్ (వచ్చే ప్యాకెట్లను చూపించే టూల్) నడపండి. ఫార్వర్డ్ తీసేసి ఒకసారి, తప్పుడు ఐపీకి పెట్టి ఒకసారి, ఎస్‌ఎస్‌హెచ్ ఆపి ఒకసారి, యూఎఫ్‌డబ్ల్యూలో 22 మూసి ఒకసారి బయటి నుంచి కొట్టి, ఏ మెసేజ్ వచ్చిందో, సిన్ ప్యాకెట్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) కనిపించిందో లేదో రాసుకోండి. చివరిదాంట్లో సిన్ కనిపిస్తుంది, కంగారు పడకండి, టీసీపీడంప్ ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది.