బండి రాలేదు, గది లేదు, నిద్ర లేదు: క్యాబిన్ క్రూ లేఓవర్ కష్టాలకు మందు

నెల్లూరు జిల్లాలో ఎయిర్‌పోర్టు లేదు, ప్రకాశంలోనూ లేదు. దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. అయినా కావలి, గూడూరు, ఒంగోలు, కందుకూరు నుంచి పిల్లలు విమానంలో ప్రయాణికులను చూసుకునే క్యాబిన్ క్రూలో చేరుతూనే ఉన్నారు. ట్రైనింగ్‌లో ఎమర్జెన్సీ తలుపు ఎలా తెరవాలో నేర్పిస్తారు గానీ, అర్ధరాత్రి ఊరుగాని ఊళ్లో హోటల్ బండి రాకపోతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. డ్యూటీల మధ్య ఇలా బయటి ఊళ్లో ఆగి విశ్రాంతి తీసుకోవడమే లేఓవర్. దాని గురించి కొత్తవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఈ కింది సమస్యలే. వీటిలో చాలావరకు హోటల్‌వాళ్ల చెడ్డతనమో డ్రైవర్ నిర్లక్ష్యమో అనుకుంటాం. నిజానికి ఒకరి దగ్గరున్న టైము ఇంకొకరికి చేరకపోవడమే అసలు గొడవ. ఎవరిమీద అరవాలా అని చూసేముందు, కబురు ఎక్కడ ఆగిపోయిందో చూడండి.

సమస్య: దిగి బయటికొచ్చాం, బండి లేదు

కారణాలు మూడు. మొదటిది తేదీ. విమానాల లెక్కంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైములో నడుస్తుంది, మన టైము దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో) 14వ తేదీ 19:30 అని ఉంటే, మన గడియారంలో అది 15వ తేదీ రాత్రి ఒంటిగంట. ఈ మార్పిడిలో ఎవరో ఒకరు తేదీ మార్చడం మర్చిపోతారు. మార్చినా, "15 రాత్రి ఒంటిగంట" అని డ్రైవర్‌కి చెబితే ఆయన 15 పగలంతా గడిచాక వచ్చే రాత్రి అనుకుంటాడు. ఆయన తప్పేం లేదు, మన ఇళ్లల్లోనూ అలాగే అనుకుంటాం. పెళ్లి ముహూర్తాలకు పెద్దవాళ్లు చెప్పే పద్ధతే దీనికి మందు: "శనివారం తెల్లవారితే ఆదివారం, రాత్రి ఒంటిగంటకు". ట్రాన్స్‌పోర్ట్ డెస్కుకి మెసేజ్ పెట్టేటప్పుడు తేదీతో పాటు వారం కూడా ఇలా రాయండి. తమిళ డ్రైవరైనా, హిందీ డ్రైవరైనా రెండు వారాల పేర్లు చూస్తే ఒకసారి ఆగి అడుగుతాడు.

రెండోది ఆలస్యం. ఫ్లైటు రెండు గంటలు లేటైతే ఆ సంగతి ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ విభాగానికి తెలుస్తుంది, అక్కడినుంచి ట్రావెల్స్ ఆఫీసుకి, ఆఫీసు నుంచి డ్రైవర్‌కి వెళ్లాలి. మధ్యలో ఒక మనిషి షిఫ్టు మారితే చాలు, కబురు అక్కడే ఆగిపోతుంది. డ్రైవర్ పాత టైముకే వచ్చి, చూసి, ఇంకో పికప్‌కి వెళ్లిపోయి ఉంటాడు. బయల్దేరే ఊళ్లోనే ఆలస్యం ఖాయమయ్యాక, విమానం తలుపులు మూసేలోపు క్రూ ఇన్‌ఛార్జి ఒక మెసేజ్ పెడితే ఈ తలనొప్పి ఉండదు.

మూడోది స్థలం. చెన్నైలో డొమెస్టిక్‌కి టీ1, టీ4 అని రెండు టెర్మినల్స్ ఉన్నాయి. మీరు ఒకచోట, బండి ఇంకోచోట. పైగా ఎరైవల్స్ ముందు బండి ఎక్కువసేపు ఆపనివ్వరు కాబట్టి డ్రైవర్ ఎక్కడో పార్కింగ్‌లో కూర్చుని మీ ఫోన్ కోసం చూస్తుంటాడు. "ఎక్కడున్నావన్నా?" అంటే "ఇక్కడే మేడమ్" అంటాడు. ఆ మాటతో ఏమీ తేలదు. ఎదురుగా కనబడే పిల్లర్ నంబరు మీరే చెప్పి, ఆ పిల్లర్ దగ్గరికే రమ్మనండి.

ఎంతకీ రాకపోతే? డ్రైవర్‌కి పదిసార్లు ఫోన్ చెయ్యడం కంటే ట్రాన్స్‌పోర్ట్ డెస్కుకి ఒక్కసారి చెయ్యడం మేలు, ఎందుకంటే వేరే బండి పంపే అధికారం వాళ్లకే ఉంటుంది. వాళ్లూ చేతులెత్తేస్తే ఇన్‌ఛార్జితో సరేననిపించుకుని ప్రీపెయిడ్ టాక్సీ తీసుకోండి, రసీదు దాచుకోండి. అందరూ కలిసే వెళ్లాలి. "నేను ఆటోలో వెళ్లిపోతాలే అక్కా" అని ఒక్కరు విడిపోవడం రాత్రిపూట అసలు వద్దు.

సమస్య: హోటల్‌కి చేరాం, గది రెడీగా లేదు

హోటల్ గడియారం వేరు. వాళ్లకు చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండో రెండో, మీరేమో పొద్దున ఆరింటికి వచ్చి నిలబడతారు. మీకివ్వాల్సిన గదిలో నిన్నటి క్రూ ఇంకా పడుకునే ఉంటారు. క్రూ పేర్ల జాబితా ముందురోజు రాత్రే హోటల్‌కి చేరితే గదులు విడిగా పెట్టి ఉంచుతారు. ఆఖరి నిమిషంలో రోస్టర్ మారి కొత్త పేరు వచ్చినప్పుడు ఆ ఒక్కరికే గది ఉండదు. కాబట్టి పేరు మారినవాళ్లు దారిలోనే రిసెప్షన్‌కి ఫోన్ చేసి తమ పేరు ఉందో లేదో కనుక్కోవాలి.

లాబీలో కూర్చోవాల్సి వస్తే ఒక పని మాత్రం తప్పకుండా చెయ్యండి. తాళం చేతికొచ్చిన టైము రాసుకుని, డ్యూటీలు వేసే షెడ్యూలింగ్ విభాగానికి పంపండి. ముందు చేసిన డ్యూటీ ఎంతసేపో, విశ్రాంతి కనీసం అంతసేపైనా ఉండాలనేది దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల్లో మూలసూత్రం. సోఫాలో కూర్చుని కునికిపాట్లు పడిన రెండు గంటలు కాగితం మీద విశ్రాంతిగా కనబడతాయి, మీరు రాసి పంపితే తప్ప. గొడవపడక్కర్లేదు, రెండు లైన్ల మెయిల్ చాలు.

సమస్య: గది ఉంది, నిద్ర లేదు

పగటి నిద్రకు మొదటి శత్రువు కర్టెన్ల మధ్య సందు. అల్మారాలో ప్యాంట్లు తగిలించే క్లిప్పుల హ్యాంగర్ ఉంటుంది. రెండు కర్టెన్ల అంచులూ దగ్గరికి లాగి ఆ క్లిప్పులతో పట్టిస్తే గది చీకటైపోతుంది. తలుపు కింద వెలుతురు వస్తుంటే తువ్వాలు మడిచి అడ్డం పెట్టండి.

శబ్దం సంగతి చెక్-ఇన్ దగ్గరే తేల్చుకోవాలి. లిఫ్టు పక్క గది వద్దని చాలామంది అడుగుతారు. మనవాళ్లు అడగాల్సింది ఇంకోటుంది: "ఈరోజు హాల్లో ఫంక్షన్ ఉందా?" మాఘమాసంలోనో శ్రావణంలోనో తెలుగు ఊళ్లో లేఓవర్ పడితే కింద బాంక్వెట్ హాల్లో డీజే ఖాయం. ఉందంటే హాలుకి దూరంగా, పై అంతస్తులో ఇమ్మనండి. తలుపుకి 'డోంట్ డిస్టర్బ్' బోర్డు తగిలించి ఊరుకుంటే చాలదు, ఆపరేటర్‌కి చెప్పి వేకప్ కాల్ టైము దాకా గది ఫోన్‌కి వచ్చే కాల్స్ కూడా ఆపించండి.

రాత్రి 2 నుంచి 6 దాకా ఒంటికి నిద్ర ముంచుకొచ్చే వేళ. ఆ వేళ డ్యూటీ చేసి వచ్చినవాళ్లు కాఫీ తాగి "కాసేపు ఊరు చూసొద్దాం" అనకుండా ముందు పడుకోవాలి.

సమస్య: వేకప్ కాల్ రాలేదు

నైట్ షిఫ్టు కుర్రాడు మర్చిపోయాడు. ఫోన్లో రెండు అలారాలు పెట్టుకోండి, ఒక ఫోన్ మంచానికి దూరంగా ఉంచండి. అంతే.

సమస్య: నాలుగింటికి పికప్, ఏడింటికి టిఫిన్

రాత్రి పడుకునేముందే ప్యాక్ చేసి పెట్టమని చెప్పాలి. తెల్లవారుజామున అడిగితే చల్లటి బ్రెడ్డు తప్ప ఏమీ దొరకదు. అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి మనకు పెద్ద ధైర్యమే, కానీ అంతర్జాతీయ ఫ్లైటు అయితే ఆ దేశం లోపలికి ఏం తీసుకెళ్లొచ్చో ముందే కనుక్కోండి. తిండి వస్తువులు డిక్లేర్ చెయ్యకపోతే ఆస్ట్రేలియాలాంటి చోట యూనిఫాం చూసి వదిలెయ్యరు.

ఇంకో చిన్న సంగతి. హోటల్ బాత్రూమ్‌లో పెట్టే మౌత్‌వాష్ ముట్టుకోవద్దు. చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, ఫ్లైటు ముందు బ్రెత్ అనలైజర్‌లో అది పట్టించేస్తుంది. దగ్గు సిరప్ కూడా లేబుల్ చూడకుండా తాగొద్దు. మద్యమైతే ఫ్లైటుకి 12 గంటల ముందునుంచే బంద్.

సమస్య: ఇల్లు నెల్లూరు, బేస్ చెన్నై, రిపోర్టింగ్‌కి లేటు

బేస్ అంటే మన డ్యూటీలు మొదలయ్యే ఊరు, రిపోర్టింగ్ అంటే డ్యూటీకి హాజరవ్వడం. ఇది హోటల్ గొడవ కాదు గానీ, మన జిల్లావాళ్లకి అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాక్కం దాదాపు 180 కిలోమీటర్లు. తడ దాకా హైవే మీద హాయిగా వచ్చేస్తాం, మూడు గంటల్లో వెళ్లిపోతామనిపిస్తుంది. గుమ్మిడిపూండి లారీలు, రెడ్‌హిల్స్ దగ్గర ట్రాఫిక్ కలిస్తే ఆ లెక్క తప్పుతుంది.

పగటి రిపోర్టింగ్ అయితే రైలే నయం. సెంట్రల్‌లో దిగితే అక్కడే మెట్రో, నేరుగా ఎయిర్‌పోర్టుకి. తెల్లవారుజామున మెట్రో నడవదు కాబట్టి మూడింటి రిపోర్టింగ్‌కి ఈ దారి పనికిరాదు, ముందురోజు సాయంత్రమే చెన్నై చేరాలి. హైదరాబాద్ బేస్ అయితే సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కి పొద్దున సికింద్రాబాద్‌లో దిగొచ్చు. కానీ అదే ఉదయం డ్యూటీ పెట్టుకోవద్దు, బెర్తు మీద నిద్ర నిద్ర కాదు.

నవంబరు, డిసెంబరుల్లో ఇంటికి రావాలంటే వాతావరణం చూసుకునే రండి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, హైవే మీదా రాకపోకలు ఆగాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి చెన్నై రన్‌వేనే మూసేశారు. అల్పపీడనం వార్త వినగానే షెడ్యూలింగ్‌కి మీరెక్కడున్నారో చెప్పి పెట్టండి. దారి మూసుకుపోయాక చేసే ఫోన్ సాకులా వినబడుతుంది.

స్టాండ్‌బై రోజు, అంటే పిలిస్తే డ్యూటీకి రావాల్సిన రోజు, ఇంట్లో ఉండి, పిలిస్తే బయల్దేరదాం అనుకోవద్దు. పిలుపొచ్చాక మీకిచ్చే టైములో సూళ్లూరుపేట కూడా దాటలేరు. ఎయిర్‌పోర్టుకి దగ్గరలోని పల్లావరం, పమ్మల్ వైపు నలుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని, ఒక యూనిఫాం జత, ఒక సర్దిన బ్యాగు అక్కడే ఉంచుకోండి.