అగ్రిజెంటో ఆలయ శిథిలాలను ఒక్క రోజులో ఎలా చూడాలి?

ఇటలీలోని సిసిలీ దీవి దక్షిణ తీరంలో ఉన్న అగ్రిజెంటో ఊరికి వెళ్లేవాళ్లలో చాలామంది చెక్కుచెదరని ఒక్క గుడి ముందు ఫొటో దిగి తిరిగొచ్చేస్తారు. నా మాట వింటే, మీ సమయంలో ఎక్కువ భాగాన్ని, కూలిపోయిన జ్యూస్ దేవుడి గుడికి కేటాయించండి.

పలెర్మో నుంచి రైల్లో సుమారు రెండు గంటల ప్రయాణం. దిగగానే గుళ్ల దగ్గరికి పరుగెత్తకండి. క్రీ.పూ. 580 ప్రాంతంలో సిసిలీలోనే ఉన్న జేలా నుంచి వచ్చిన గ్రీకులు ఇక్కడ అక్రగాస్ నగరం కట్టారు. ఉత్తరాన కొండ, దక్షిణాన రాతి గట్టు, రెండు పక్కలా చిన్న నదులు, దిగువన సముద్రం: శత్రువు రావడానికి కష్టమైన చోటు. ఇప్పటి ఊరు కొండ మీద ఉంది, గుళ్లు గట్టు మీద వరసగా ఉన్నాయి. ఊళ్లోంచి ఒకసారి కిందికి చూస్తే ఈ అమరిక అర్థమవుతుంది.

తర్వాత పురావస్తు మ్యూజియం. అక్కడ రెండు చేతులూ మడిచి తలపై బరువు మోస్తున్న రాతి మనిషి ఉన్నాడు. ఎత్తు ఏడున్నర మీటర్ల పైమాటే. ఇతన్ని ముందే చూసి ఉండాలి, ఎందుకో కింద చెబుతాను.

అక్కడినుంచి బస్సులోనో టాక్సీలోనో తూర్పున జూనో గుడి వైపు గేటుకు వెళ్లండి. అక్కడ మొదలుపెడితే దారంతా దాదాపు దిగుడే. క్రీ.పూ. 406లో ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్ సేనలు పెట్టిన మంటల ఆనవాళ్లుగా చెప్పే ఎర్రటి మరకలు ఈ గుడి రాళ్ల మీద కనిపిస్తాయి. ముందుకు నడిస్తే, అందరూ ఫొటో దిగే కాంకార్డియా గుడి. క్రీస్తుశకం ఆరో శతాబ్దం చివర్లో దాన్ని చర్చిగా మార్చారు, అందుకే నిలిచింది. లోపలి గోడల్లో తొలిచిన కమానులు అప్పటివే. హెర్క్యులిస్ గుడిలో నిలబడ్డ స్తంభాల్లో ఎనిమిదింటిని 1920లలో తిరిగి లేపారు.

ఇక జ్యూస్ గుడి దగ్గర తీరిగ్గా ఆగండి. క్రీ.పూ. 480లో హిమేరా యుద్ధంలో కార్తేజ్‌పై గెలిచాక మొదలుపెట్టిన ఈ గుడి పొడవు 110 మీటర్లు దాటుతుంది. క్రీ.పూ. 406లో నగరం కార్తేజ్ చేతికి చిక్కడంతో పని పూర్తికాలేదు. మ్యూజియంలో చూసిన మనిషిలాంటివాళ్లు స్తంభాల మధ్య, ఎత్తున నిలబడి కప్పు బరువు మోసేవాళ్లు. భూకంపాలకు అంతా కూలింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి రాళ్లను దగ్గర్లోని పోర్టో ఎంపెడోక్లే రేవు కట్టడానికి తరలించారు. మిగిలిన దిమ్మెల పక్కన కూర్చుని చివరలు చూడండి: యూ ఆకారంలో లోతైన గాడి ఉంటుంది. తాడు అందులో వేసి రాయిని పైకి లాగేవాళ్లు. అంత పెద్ద గుడి ఎలా లేచిందో ఆ గాడిలో వేలు పెట్టినట్టుగా తెలుస్తుంది. నిలబడ్డ గుడిలో ఈ పనితనం కనబడదు.

నీళ్ల సీసా, టోపీ తప్పనిసరి, గట్టు మీద నీడ తక్కువ. వీలైతే బాదం పూసే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లండి. పడమటి గేటు దగ్గర ఊళ్లోకి బస్సు దొరుకుతుంది. ఎక్కేముందు, పక్కనే ఉన్న కొలింబెత్ర నారింజ తోటలోకి వెళ్లి కాసేపు నీడన కూర్చోండి.