రాత్రంతా తీసిన నాటకం వీడియోలో అక్కర్లేని ముక్కలు తీసేయాలంటే

చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు తెల్లవార్లూ జరిగే భారత నాటకాన్ని వీడియో తీసినవారికి ఈ చిట్కా. వేషాలు మారే వ్యవధి, మైకు గరగరలు, చందాల ప్రకటనలు తీసేయడానికి పెద్ద ఎడిటర్ అక్కర్లేదు. ఎవిడెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. (చందా ఇచ్చినవారి పేర్లు తీసేస్తే ఊళ్లో మాట వస్తుందేమో, అది మీరే చూసుకోండి.)

వీడియో తెరిచాక ఎడమ పక్కన వీడియో, ఆడియో రెండింటికీ 'కాపీ' ఉండాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్ వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, అంటే మొత్తం కుదించి కొత్తగా తయారు చేయదు కాబట్టి నాణ్యత తగ్గదు, గంటల తరబడి ఎదురుచూడనక్కర్లేదు. తీసేయాల్సిన భాగం మొదట్లో [ మీట, చివర్లో ] మీట నొక్కి డిలీట్ కొట్టండి.

చాలామంది ఇబ్బంది పడేది కోత చోటు దగ్గరే. వీడియో అంటే ఫ్రేములు అనే బొమ్మల వరుస. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి చిత్రం కాదు. కొన్ని కీ ఫ్రేములు మాత్రమే పూర్తిగా ఉంటాయి, మిగతావి పక్క ఫ్రేములతో వచ్చిన తేడాలనే దాచుకుంటాయి. కోత తర్వాతి భాగం కీ ఫ్రేముతో మొదలుకాకపోతే బొమ్మ చతురస్రాలుగా చెదిరిపోతుంది. అందుకే పై బాణం, కింది బాణం మీటలతో కీ ఫ్రేము నుంచి కీ ఫ్రేముకు జరుగుతూ గుర్తు పెట్టండి. ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, పద్యం మొదటి అక్షరం మాత్రం పోనివ్వకండి.

చివరగా అవుట్‌పుట్ ఫార్మాట్‌లో ఎంపీ4 మక్సర్ ఎంచుకుని, కొత్త పేరుతో సేవ్ చేయండి.